వామన్‌రావు బండికి కొత్త క్యామ్‌లు

ఆ రోజు కూడా నాంపల్లిలో సాయన్న షెడ్డు ఏడున్నరకే తెరుచుకుంది. ముందు మోటారు సైకిళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు, వెనక రెండు గదుల పెంకుటిల్లు, మధ్యలో నాలుగడుగుల వాకిలి. ఆ వాకిట్లో నిలబడి లక్ష్మీనర్సమ్మ మొగుణ్ణి పిలుస్తోంది.

“చాయ్ సల్లారిపోతున్నది! ఎన్నిసార్లు పిలవాలె?”

సాయన్న ఉలిక్కిపడి తిరిగాడు. “గట్ల అరుస్తవేందే? గల్లీ అంత ఇంటున్నరు.”

ఏడాదిగా ఆమె గొంతు ఇలాగే పెరిగింది. వయసుతోపాటు చిరాకు కూడా వచ్చిందేమోలే అని అతను సర్దుకుపోయాడు. తన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. చెవుల్లో ఎప్పుడూ ఒకటే హోరు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే పిలిచినట్టే తెలియదు.

పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం అది. ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్ల మధ్య బతికిన సాయన్నకు పేరొచ్చింది చెవితోనే. బండి గల్లీ మలుపు తిరుగుతుండగానే దాని జబ్బేమిటో చెప్పేస్తాడని గన్‌ఫౌండ్రీ బ్యాంకుల వాళ్ళూ, లక్డీకాపూల్ దఫ్తర్ల వాళ్ళూ వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ చెవే పోయిందని తెలిస్తే ఇంకెవరొస్తారు? ఆ ఒక్క భయమే అతని నోరు కట్టేసింది.

కూతురు విద్యావతికి పందొమ్మిదేళ్ళు. మెట్రిక్ అయ్యాక ఆబిడ్స్‌లో టైపు నేర్చుకుంటోంది. పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆ పిల్లకు షెడ్డే బడి, షెడ్డే ఆటస్థలం. తండ్రి అడగకముందే కావలసిన పానా చేతికందించేది. తర్వాత ఒకరోజు సాయన్న, “ఇగ చాలు బిడ్డా. ఈ నూనె చేతులు నాతోనే ఆఖరు. నువ్వు ఫ్యాన్ కింద కూసొని పని చెయ్యాలె” అన్నాడు. ఆ పిల్ల చేతిలోని పానా కింద పెట్టి లోపలికి వెళ్ళింది. తర్వాత గడప దాటి షెడ్డులోకి రాలేదు గానీ, గడప దగ్గర నిలబడటం మానలేదు.

తొమ్మిది కాకముందే వామన్‌రావు వచ్చాడు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు గుమాస్తా, పాత ఖాతాదారు. అతని భార్య శశికళ చాదర్‌ఘాట్‌లో పంతులమ్మ. రోజూ ఆమెను వెనక కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపి బ్యాంకుకు వెళతాడు.

“తయారైందా సాయన్నా? రెండు రోజుల నుంచి రిక్షాల్లో తిరుగుతున్నాం.”

“అయింది రావుసాబ్. కొత్త క్యామ్‌లు పడ్డయ్. ఇగ ఫికర్ లేదు.”

రెండు రోజుల కింద ఇంజన్‌లో టకటకమని చప్పుడొస్తోందని చెప్పింది వామన్‌రావే. కుడిపక్క మూత తీసి చూస్తే రెండు క్యామ్‌షాఫ్టుల మీది ఉబ్బులూ అరిగిపోయి కనిపించాయి. ఆ ఉబ్బులు తిరుగుతుంటేనే పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చేది, పొగ బయటికి పోయేది. అవి అరిగితే ఇంజన్‌కు ఊపిరి సరిగా ఆడదు. సాయన్న నిన్న ఆబిడ్స్‌లో బాలకిషన్ దుకాణం నుంచి కొత్త జత తెచ్చి బిగించాడు.

కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది. సాయన్న అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి చూశాడు. కొంచెం ఎక్కువే వణుకుతోంది. కొత్తవి కదా, నాలుగు రోజుల్లో కుదురుకుంటాయనుకున్నాడు.

“సూడున్రి రావుసాబ్, గడియారం లెక్క నడుస్తున్నది!”

వామన్‌రావు బండి వైపు వంగి, “జర అదోలా లేదూ?” అన్నాడు. పెదాలు కనబడలేదు. సాయన్న నవ్వుతూ తలూపాడు.

అప్పుడే జడ వేసుకుంటూ విద్యావతి గడప దగ్గరికి వచ్చింది. ఇంజన్ రెండు దెబ్బలు కొట్టి ఒకటి మింగుతోంది, మళ్ళీ ఎగిరి కొడుతోంది. ఈ బండి నెమ్మదిగా పోతే ఆగిపోతుంది. బస్సుల మధ్య, వెనక మనిషితో, ఉన్నట్టుండి ఆగిపోతుంది.

“నాయినా, బంద్ చెయ్” అంది. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. “నాయినా!” అంది మళ్ళీ. మూడోసారి గట్టిగానే పిలిచింది. వామన్‌రావు తల తిప్పి చూశాడు. సాయన్న తిప్పలేదు. అతని చూపంతా వామన్‌రావు పెదాల మీదే ఉంది.

వామన్‌రావు ఎటు చూస్తున్నాడోనని సాయన్న వెనక్కి తిరిగేసరికి కూతురు షెడ్డు మధ్యలో ఉంది. ముఖం పాలిపోయింది. వంగి ఇంజన్ ఆపేసింది.

“రావుసాబ్, తప్పు నాది. నిన్న సామాన్లు కడిగి ఇచ్చింది నేనే. ఒక వాషర్ పెట్టుడు మర్శిన. మూత మళ్ళ ఇప్పాలె. బండి రేపు తీస్కపోన్రి.”

సాయన్న నోరు తెరిచాడు. నిన్న ఈ పిల్ల షెడ్డులో అడుగే పెట్టలేదు!

వామన్‌రావు ముఖం గంటు పెట్టుకున్నాడు. “మళ్ళీ రేపా? నీ పని నువ్వు చేసుకోక ఆడపిల్ల చేతిలో ఎందుకు పెట్టావు సాయన్నా?” అని విసవిసా నడిచి వెళ్ళిపోయాడు. ఆ మాట సాయన్నకు పెదాల మీద స్పష్టంగా కనబడింది. కూతురు తల దించుకుని ఆ మాట పడింది.

అతను వీధి దాటాక సాయన్న విరుచుకుపడ్డాడు.

“ఏం పనే ఇది? వాషరేంది? ముప్ఫై ఏండ్ల సంది సంపాయించిన పేరు ఒక్క మాటతోని మట్టిల కలిపినవ్!”

విద్యావతి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. “నాయినా, నేను వెనక నుంచి మూడుసార్లు పిలిచిన.”

“ఇన్న. పనిల ఉండి పలకలే.”

“ఏమని పిలిచిన?”

సాయన్న చేతిలోని గుడ్డ మడత పెట్టసాగాడు.

“చెప్పు నాయినా. ఏమని పిలిచిన్నో చెప్పు, తప్పంత నాదే అంట.”

అతను పక్కకు చూశాడు. అక్కడ లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

“దాన్నెందుకు కోపం జేస్తవ్?” అంది. “నాకేమన్న అరుసుడు సరదానా? ఏడాది సంది గొంతు చించుకుంటున్న. మెల్లగ మాట్లాడితే నువ్వు పలుకవు. నువ్వే చెప్తవని సూసిన. అడిగితే ఎక్కడ చిన్నబోతవో అని నా నోట రాలే.”

సాయన్న అక్కడే ఉన్న పీట మీద కూలబడ్డాడు. ఏడాదిగా ఈ మనిషి తన మీద విసుక్కుంటోందనుకున్నాడు. ఆమె తనను కాపాడుకొస్తోందని ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు కూతురు కూడా అదే పని చేసింది, పరాయివాడి చేత మాట పడి మరీ.

“ఇనబడ్తలేదు బిడ్డా” అన్నాడు చివరికి. “నిన్న బాలకిషన్ గూడ అల్మారా దిక్కు తిరిగి ఏదో చెప్పిండు. నేను ఔ ఔ అన్న.”

విద్యావతి ఓణీ నడుముకు బిగించి పానా అందుకుంది. ఇద్దరూ కలిసి మూత విప్పారు. కొత్త క్యామ్‌నూ పాతదాన్నీ పక్కపక్కన బల్ల మీద పెట్టారు.

“కొత్తది శాన ఎత్తున్నది నాయినా.”

“పాతది అరిగింది గాబట్టి గట్ల కనబడ్తున్నదనుకున్న నేను గూడ.” సాయన్న బొటనవేలితో ఉబ్బు అంచు తడిమాడు. మళ్ళీ తడిమాడు. “ఎత్తు ఇడిశిపెట్టు, వెడల్పు సూడు. అరిగితే ఎత్తు తగ్గుతది గని ఉబ్బు గింత సన్నగ గాదు. ఈ కొత్తది మామూలు బండిది గాదు బిడ్డా. పందెం బండిది.”

మధ్యాహ్నం టైపు క్లాసు మానేసి ఆ పిల్ల తండ్రితో ఆబిడ్స్ వెళ్ళింది. బాలకిషన్ వాళ్ళను చూడగానే, “నిన్ననే చెప్పిన గద ఉస్తాద్, ఎవరో పందేల కోసం తెప్పించుకొని తీస్కపోలేదు, ఇవే ఉన్నయని. ఔ ఔ అన్నవ్” అన్నాడు. విద్యావతి తండ్రి ఎదురుగా జరిగి ఆ మాటలు నెమ్మదిగా తిరిగి చెప్పింది. సాయన్న తలూపాడు.

“మామూలువి ఇయ్యాల పొద్దుగాల వచ్చినయ్” అని బాలకిషన్ ఇంకో డబ్బా తీశాడు. “అయినా గవే ఉంచుకోరాదూ? బండి ఉరుకుతది. రావుసాబ్ ఖుష్ అయితడు.”

సాయన్న రెండు జతలూ చేతిలోకి తీసుకుని కూతురి ముందు పెట్టాడు. “నువ్వు చెప్పు. ఏది తీస్కోవాలె?”

విద్యావతి తండ్రి ముఖంలోకి చూసింది. ఏడేళ్ళలో అతను ఇలాంటి ప్రశ్న అడగలేదు.

“మామూలుదే నాయినా. ఉరికినప్పుడే పందెందానికి బలం. రావుసాబ్ ఉరికేదెక్కడ? పొద్దుగాల చాదర్‌ఘాట్‌ల అడుగడుగుకు ఆగాలె, వెనక పంతులమ్మ కూసోని ఉంటది. మెల్లగ పోయినా గుంజేది కావాలె.”

“ఇంకేం మార్చాలె?”

“క్యామ్‌ల మీద ఆనే టాపెట్లు. పాతవి ఉంచితే కొత్త క్యామ్‌లను గూడ తింటయ్.”

“గిది ఎవలు చెప్పిన్రు నీకు?”

“నువ్వే. నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు.”

సాయన్న మామూలు జత తన వైపు జరుపుకున్నాడు. బాలకిషన్‌తో టాపెట్లు కూడా ఇమ్మన్నాడు.

మర్నాడు వామన్‌రావు వచ్చేసరికి బండి షెడ్డు ముందు నడుస్తోంది. సాయన్న ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. వణుకు సమంగా ఉంది. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల కాసేపు చెవి ఒగ్గి విని, నవ్వుతూ తలూపింది.

“ఇవాళ వాషర్ మర్చిపోలేదు కదమ్మా?” అన్నాడు వామన్‌రావు.

“లేదు రావుసాబ్” అంది విద్యావతి మెల్లగా.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. సాయన్న పేరు నిలిచేది. అతను ఇంజన్ ఆపి, చేతిలోని గుడ్డ కింద పడేశాడు.

“వాషర్ లేదు, ఏం లేదు రావుసాబ్. నా చెవులు పొయ్యినయ్. దుకాణంల చెప్పింది ఇనబడక పందెం బండి క్యామ్‌లు తెచ్చి మీ బండికి బిగించిన. గట్లనే మిమ్మల్ని పంపుతుంటి. నా బిడ్డ ఇని పట్టుకున్నది. నా పరువు పోవద్దని తప్పు దాని నెత్తిన ఏసుకున్నది. వేరే మేస్త్రీని సూసుకుంట అంటే మీ ఇష్టం.”

విద్యావతి తండ్రి చెయ్యి పట్టుకుంది. వామన్‌రావు బండి చుట్టూ తిరిగి వచ్చి సాయన్నకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా విడదీసి అన్నాడు.

“నా బండిని ఇకనుంచి ఎవరు వింటారు సాయన్నా?”

“నా బిడ్డ ఇంటది. బిగించేది నేను.”

“అయితే వేరే మేస్త్రీ ఎందుకు?” అని అతను విద్యావతి వైపు తిరిగాడు. “నిన్న నోరు జారాను తల్లీ. మనసులో పెట్టుకోకు.”

బండి గల్లీ మలుపు తిరిగి వెళ్ళిపోయింది. లక్ష్మీనర్సమ్మ వాకిట్లోంచి, సోమవారం దవాఖానకు పోదామని, ఈసారి ఎదురుగా వచ్చి చెప్పింది. సాయన్న సరేనన్నాడు.

“నేను క్లాసుకు పోవాల్నా నాయినా?” అంది విద్యావతి.

“పో. టైపు ఇడ్వకు. వచ్చినంక షెడ్డుకు రా. ఇగ గడప కాడ నిలబడకు.”

ఆ పిల్ల మొహం తిప్పేసుకుంది. ఏడుపు అతనికి వినబడలేదు. భుజాలు కదలడం కనబడింది. సాయన్న నూనె చేతులు అంగీకి తుడుచుకుని కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.