నాలుగో కల

పొద్దున్నే రేవు నుంచి వచ్చిన దాల్సు చెప్పులు విడుస్తూనే వంటింటి వైపు ముక్కు ఎగబీల్చాడు.

"ముల్లంగి చారా? ఇవాళ కూడానా? ఊరంతా నాచు వాసనతో గుప్పుమంటోంది. వాండో దీవి మొత్తానికి నాచు లేని కొంప మనదేనని అందరూ చెప్పుకుంటున్నారు."

"ఎవరు చెప్పుకుంటున్నారు?" సుండొక్ ఉలిక్కిపడి అడిగింది.

"నేనే. దారి పొడుగునా నాలో నేనే చెప్పుకుంటూ వచ్చాను."

సుండొక్ నవ్వలేదు. భర్త హాస్యానికి నవ్వి చాలా రోజులైంది. ఫోన్ మోగితే గుండె జారిపోతోంది. మోగకపోతే, చెడ్డ కబురు చెప్పలేక ఊరుకున్నారేమోనని ఇంకా భయంగా ఉంటోంది. గ్వాంగ్జు పట్నం నుంచి కూతురు హేరిమ్, అల్లుడు డోంగూక్ బయలుదేరామని చెప్పినప్పటి నుంచీ ఆమె కళ్లకు దారిలో ఉన్న వంతెనలూ, మలుపులూ, ఎదురొచ్చే లారీలే కనిపిస్తున్నాయి.

అది మార్చి నెల. సముద్రం నుంచి తీసిన నాచును ప్రతి ఇంటి ముందూ వలల మీద ఆరబెట్టే రోజులు. సుండొక్ వాకిట్లో మాత్రం వలలు చుట్ట చుట్టినవి చుట్టినట్టే గోడకు ఆనించి ఉన్నాయి. పక్కింటావిడ ఎప్పటిలాగే తెచ్చిచ్చిన తడి నాచు మోపును కూడా "మాకొద్దమ్మా" అని వెనక్కి పంపేసింది.

పైగా ఆ రోజు హేరిమ్ పుట్టినరోజు. పుట్టినరోజున నాచుచారు లేని ఇల్లు ఉండదు. బిడ్డను కన్న తల్లి పురిట్లో తాగే మొదటి చారు అది. ఆ కష్టం గుర్తుండాలని ఏడాదికోసారి బిడ్డ కూడా తాగుతుంది. హేరిమ్ పుట్టాక ఒకే ఒక్క ఏడు సుండొక్ ఆ చారు మానేసింది. ఆ పుట్టినరోజునాడే స్కూల్లో పెద్ద పరీక్ష పడింది. నాచు జారుడుగా ఉంటుంది కాబట్టి పరీక్షకు వెళ్లేవాళ్లు అది తాగితే జారిపోతారని అందరూ అనేదే. ఆ రోజు జారకుండా అతుక్కోవాలని కూతురి చేతిలో జిగురు మిఠాయి పెట్టి పంపింది. హేరిమ్ పరీక్ష గట్టెక్కింది.

ఇప్పుడు హేరిమ్ కడుపుతో ఉంది. ఇది నాలుగోసారి. ముందు మూడూ నిలవలేదు. గర్భిణులు నాచుచారు తాగకూడదని ఆ దీవిలో ఎవరూ ఏనాడూ అనలేదు. కానీ మూడుసార్లు దెబ్బతిన్న సుండొక్ మనసుకు జారే వస్తువేదైనా శత్రువే అయిపోయింది. వాకిట్లో తడి ఉంటే తుడుస్తోంది. సబ్బు ముక్కను చూసినా భయపడుతోంది.

వాకిలి తుడుస్తూ ఆమె చుట్ట చుట్టిన వలల దగ్గర ఆగింది. హేరిమ్ ఐదేళ్లప్పుడు ఈ వలల కిందే దూరి ఆడుకునేది. పైన నల్లగా ఆరుతున్న నాచు, సందుల్లోంచి పడే ఎండ చుక్కలు, ఆ చుక్కల మధ్య చిన్న మొహం. "అమ్మా, నా కల చెప్పు" అని అడిగేది. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే వినేది.

"కలలో మీ అమ్మమ్మ సముద్రంలోకి దిగింది. ఒక రాయి ఎత్తింది. దాని కింద ఏముంది?"

"నత్తగుల్ల!"

"ఎంత ఉంది?"

"గంగాళం మూతంత!"

"లోపల వెన్నెల పోసినట్టు మెరుస్తోంది. అమ్మమ్మ దాన్ని పావడాలో చుట్టుకుని పరిగెత్తింది. ఇంకో నెలకు నువ్వు నా కడుపులో ఉన్నావని తెలిసింది."

కడుపులో బిడ్డ పడితే ఇంట్లో ఎవరికో ఒకరికి కల వస్తుంది. దాన్ని బిడ్డ కల అంటారు. పెరిగి పెద్దయ్యాక కూడా మనుషులు తమ కల ఏమిటో చెప్పుకుంటారు. హేరిమ్ బిడ్డల కలలన్నీ సుండొక్‌కే వచ్చాయి. మొదటిసారి, కిమ్చీ ఊరగాయ జాడీలోంచి మచ్చల చేప ఎగిరి ఒళ్లో పడింది. రెండోసారి, ఎవరో ఒడి నిండా పీచ్ పళ్లు పోశారు. మూడోసారి, పసుపు రంగు దూడ గేటు తోసుకుని వచ్చి వంటింటి గడప మీద పడుకుంది. ప్రతిసారీ తెల్లారకుండానే ఆనందం పట్టలేక కూతురికి ఫోన్ చేసి చెప్పింది. ప్రతిసారీ చెప్పిన కొన్నాళ్లకే కడుపు పోయింది.

మూడోసారి తర్వాత ఆమెకు ఒక అనుమానం పుట్టింది. తన నోరే మంచిది కాదేమో. నాలుగో కల వచ్చినప్పుడు రెండు చేతులతో నోరు నొక్కుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. దాల్సుకు కూడా.

కారు వచ్చి ఆగింది.

"మెల్లగా! మెల్లగా దిగు! ఆ కాలు కాదు, ఈ కాలు ముందు!" సుండొక్ గేటు దగ్గర్నుంచే అరిచింది.

"అమ్మా, నాకు ఉన్నవి రెండే కాళ్లు. ఏదో ఒకటి ముందు పెట్టాలిగా," అంది హేరిమ్. మొహం పాలిపోయి ఉన్నా నవ్వుతోంది. వెనకాల డోంగూక్ చిన్న మందుల పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. అందులో సూదిమందు. మూడో బిడ్డ పోయాక ఇద్దరూ గ్వాంగ్జులో పెద్దాసుపత్రికి వెళ్లి గొట్టాలకు గొట్టాలు రక్తం ఇచ్చి పరీక్షలు చేయించుకున్నారు. హేరిమ్ రక్తం ఉన్నట్టుండి గడ్డకట్టే రకమని, అందుకే బిడ్డకు రక్తం అందక ఆగిపోతోందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ పొట్ట మీద ఒక సూది, ఒక చిన్న మాత్ర. ఈసారి నిలిచే అవకాశం బాగుందనే చెప్పింది గానీ, మాట మాత్రం ఇవ్వలేదు.

భోజనానికి కూర్చున్నారు. సుండొక్ కూతురి కింద రెండు పరుపులు వేసింది. హేరిమ్ గిన్నె మూత తీసి కాసేపు అందులోకే చూసింది.

"ముల్లంగి చారు," అంది.

"ఒంటికి మంచిది."

"ఇవాళ ఏం రోజో గుర్తుందా అమ్మా?"

"గుర్తులేకేం! ఈ ఏడు నాచు బాగా పండలేదే. ముదిరిపోయింది. నమలలేం..."

హేరిమ్ కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురింటి గోడ, పక్కింటి గోడ, ఆ పక్కది, అన్నింటి మీదా లేత నాచు గాలికి ఊగుతోంది. డోంగూక్ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. దాల్సు దగ్గాడు.

"నేనైతే చెప్పాను," అన్నాడు గొణుగుతూ.

"మీరు ఊరుకోండి!"

హేరిమ్ చెంచా కింద పెట్టింది. "పోయినసారి ఐస్ కాఫీ తాగినందుకే పోయిందన్నావు. అంతకు ముందు చల్లటి నేల మీద కూర్చున్నానన్నావు. సరే, పడ్డాను. ఇప్పుడు రక్తంలో ఉందని ఆసుపత్రిలో తేలింది. నా కాఫీ కాదు, నా కూర్చోవడం కాదు. అది తెలిసిన రోజు ఎంత ఏడ్చానో తెలుసా? నా తప్పు కాదని తెలిసి ఏడ్చాను. మొదట నీకే ఫోన్ చేశాను. నువ్వేమన్నావు?"

సుండొక్‌కు గుర్తుంది. 'సూదులా? పొట్టలోకా? బిడ్డకు గుచ్చుకుంటే?' అంది.

"భయమేసి అన్నానే..."

"అదీ సరే. మరి కల ఏదమ్మా?"

సుండొక్ చేతిలోని గరిటె ఆగిపోయింది.

"మూడింటికీ వచ్చాయి కదా. తెల్లారకుండా ఫోన్ చేశావు కదా. దీనికి రాలేదా? లేకపోతే ఇది కూడా నిలవదని నువ్వు ముందే అనేసుకున్నావా? నాచుచారు కాచలేదు, కల కనలేదు. నీ మనసులో ఈ బిడ్డను అప్పుడే పంపించేశావు కదూ?"

"అపశకునం మాటలు మాట్లాడకు!"

"అత్తయ్యగారూ," డోంగూక్ మెల్లగా అన్నాడు, "తను రోజూ పొద్దున్న లేవగానే ఫోన్ చూసుకుంటుంది. మీ దగ్గర్నుంచి వచ్చిందేమోనని."

"ఎందుకే? ఆ మూడు కలలూ చెప్పి ఏం బాగు చేశాను నీకు?" సుండొక్ గరిటె విసిరినట్టు కింద పెట్టింది. "నోరు తెరిచి చెప్పిన ప్రతిదీ పోయింది! నా నోటి వల్లే పోయాయి! నేను చెప్పకుండా ఉంటే..."

హేరిమ్ తల్లి వైపు కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది.

"అమ్మా, వాళ్లకు ఫోటో లేదు. పేరు లేదు. ఒక చొక్కా కూడా కొనలేదు. నా దగ్గర ఉన్నవి నువ్వు చెప్పిన కలలే. చేప, పీచ్ పళ్లు, దూడ. వాళ్లను తలుచుకోవాలంటే అవే తలుచుకుంటాను. అవి కూడా లేకపోతే వాళ్లసలు రానట్టే కదా."

సుండొక్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. దాల్సు చెంచా పక్కన పెట్టి, ఎన్నడూ లేనిది, హాస్యం లేకుండా మాట్లాడాడు.

"హేరిమ్‌కు ముందు నీకూ రెండు పోయాయి. రెండింటికీ మీ అమ్మే కలలు చెప్పింది. గుర్తుందా?"

"గుర్తుంది. అయినా మూడోది, హేరిమ్ కల, చెప్పడానికి మొదటి పడవకే వచ్చింది. ఆవిడ ధైర్యం వేరు. నాకు రాలేదు."

"ధైర్యమా? ఆవిడ కాళ్లు ఎలా వణికాయో నీకేం తెలుసు? రేవులో చెయ్యి పట్టుకుని దింపింది నేను. అక్కడే రాతి మీద కూలబడిపోయింది. 'అల్లుడూ, ఇది కూడా పోతుందేమోనని చెప్పాలంటే భయంగా ఉంది. చెప్పకపోతే ఆ బిడ్డ కోసం ఎవరూ ఎదురుచూడనట్టు ఉంటుంది' అంది. మొహం కడుక్కుని, నవ్వు తెచ్చుకుని, అప్పుడు మన గుమ్మం ఎక్కింది. నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుంది."

సుండొక్‌కు ఆ పొద్దు కళ్లముందు నిలిచింది. తడిసిన పావడా అంచు, చంకలో నాచు మోపు, గుమ్మంలోంచే "నత్తగుల్లే! ఎంతుందనుకున్నావు!" అని చేతులు చాచి చూపిస్తున్న అమ్మ. మొహం అంత తడిగా ఎందుకుందని అడిగితే పడవలో నీళ్లు చిమ్మాయంది. ఇన్నేళ్లూ ఆ మాటే నమ్మింది. ఆ తడి సముద్రపు నీళ్లు కాదు. భయం తనొక్కదానికే పుట్టిందనుకుంది. అమ్మ కూడా ఇంతే భయపడింది. భయపడుతూనే వచ్చింది.

ఆమె లేచి, ఖాళీ గంగాళం పొయ్యి మీద పెట్టింది.

"నాచు లేదుగా ఇంట్లో," అంది ఏడుస్తూనే.

"పక్కింటి గోడ మీద బోలెడు," అంటూ దాల్సు చెప్పులు వేసుకున్నాడు. "అడిగి తేనా, దొంగిలించి తేనా?"

"అడిగి తెండి! పుట్టినరోజు పూట దొంగసొమ్ము తాగిస్తారా!" సుండొక్ కసిరింది. హేరిమ్ ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది.

లేత నాచు నువ్వుల నూనెలో చుయ్యిమంది. ఆ వాసనకు హేరిమ్ వంటింటి గడప దగ్గరికొచ్చి, పరుపు ఈడ్చుకుని కూర్చుంది. చిన్నప్పుడు కూర్చున్న చోటే. సూది వేసుకునే వేళ అయింది. డోంగూక్ మందుల పెట్టె తెరిచాడు. ఎప్పుడూ మొహం తిప్పుకునే సుండొక్ ఈసారి తిప్పుకోలేదు. కూతురి పొట్ట మీద పాత సూది మచ్చలు నీలంగా కనిపించాయి. ఎక్కడ గుచ్చాలో హేరిమ్ వేలితో వెతుక్కుంటుంటే దగ్గరికి వెళ్లి రెండో చెయ్యి పట్టుకుంది.

"నా కల చెప్పు అమ్మా," అంది హేరిమ్. తర్వాత సర్దుకుంది. "వీడి కల."

సుండొక్ గొంతు సవరించుకుంది. కాళ్లు వణుకుతున్నాయి.

"మా అమ్మ వచ్చింది. మన పాత ఇంటి కప్పు మీద గుమ్మడి తీగ. ఆకుల మధ్య ఒక్కటే కాయ, ఇంకా పచ్చిగా, నిగనిగలాడుతూ ఉంది. నేను ఆత్రంగా చెయ్యి చాచాను. మా అమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది. 'ఇంకా పండలేదే, కోయకు' అంది. అంతే. చెప్తే కోసినట్టే అవుతుందేమోనని ఊరుకున్నానే."

సూది దిగింది. హేరిమ్ కళ్లు చిట్లించి, ఊపిరి వదిలింది.

"కోయొద్దంది గానీ చెప్పొద్దనలేదుగా అమ్మా," అంది. ఆపైన చిన్నపిల్లలా అడిగింది. "కాయ ఎంత ఉంది?"

సుండొక్ చెయ్యి వదిలి, రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి చూపించింది.

"ఇంత. తీగ మాత్రం గట్టిగా ఉంది. నేను చూశాను."

పొయ్యి మీద చారు పొంగింది. దాల్సు పరిగెత్తి మూత తీశాడు.