బర్రెలకు లేని సెలవు

మధ్యాహ్నం ఎండకు కొట్టం రేకులు చిటపటలాడుతున్నాయి. సృజన అరుగు మీద బొమ్మ గీసుకుంటూ, చెవులు మాత్రం పెద్దవాళ్ల మాటలకు అప్పగించింది. పదేళ్ల పిల్లే గాని, ఆ చెవులకు సెలవన్నది తెలియదు.

అమ్మ లత, బాపమ్మ మొగిలవ్వ కలిసి ఆ రోజు ఒక జీతగాణ్ణి కుదుర్చుకుంటున్నారు. బాపు శ్రీశైలం సౌదీకి వెళ్లి రెండేళ్లవుతోంది. ఆరు బర్రెల చాకిరీ అమ్మ నడుముకు, బాపమ్మ మోకాళ్లకు ఇక వల్ల కావడం లేదు. పనికి వచ్చినతని పేరు భూమయ్య, గంభీరావుపేట మనిషి. మల్లాపూర్‌లో వీళ్ల కొట్టం పక్క గదిలోనే ఉంటూ, పెండ తీయడం మొదలు రాత్రి మేత వేయడం దాకా అన్నీ చూసుకోవాలి.

జీతం దగ్గర పేచీ రాలేదు. నెలకు పన్నెండు వేలు, తిండి అనుకున్నారు. బాపమ్మకు పాత రోజులు గుర్తొచ్చాయి. తన కాలంలో ఉగాదికి జీతం కుదిరితే ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత ఇచ్చేవాళ్లట. సృజన వాళ్ల తాత కూడా అలా జీతమున్నవాడేనట. వానకు తడిసిన ఆ గొంగడి వాసన ఇప్పటికీ మరపు రాదంటూ ముసలామె మురిసిపోయింది.

అప్పుడు భూమయ్య నెమ్మదిగా నోరు విప్పాడు.

"రెండు వారాలకొక ఐతారం ఇంటికి పోయస్త అవ్వా. చిన్న బిడ్డ ఉన్నది. ఆ రోజు జీతం కొయ్యకుంటే మంచిగుంటది."

అమ్మ ఆలోచనలో పడింది. సృజన నాలుక ఊరుకుంటేనా?

"ఐతారం బర్రెలు పాలియ్యకుంట ఉంటయా కాకా?"

అందరూ నవ్వారు. భూమయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో అతని కోరిక కొట్టుకుపోయింది. వెళ్లిన రోజుకు జీతం కోస్తానంది అమ్మ. పని అవసరం కాబట్టి అతను తలూపాడు. తన మాటకు పెద్దవాళ్లంతా నవ్వారని సృజన సాయంత్రం దాకా సంబరపడింది.

ఆదివారాలు వచ్చి పోతున్నాయి. జీతం పోతుందని భూమయ్య ఒక్కసారి కూడా ఊరికి వెళ్లలేదు.

సృజనకు మాత్రం ఆదివారం కన్నా శుక్రవారం ఇష్టం. బాపుకు ఆ రోజే సెలవు. ఆయన అక్కడ ఒక సేటు దగ్గర గొర్రెలు కాస్తాడు. శుక్రవారం సాయంత్రం వీడియో కాల్ చేస్తాడు. ఫోన్‌లో ఆ ముఖం కనబడగానే ఆమెకు పాత పొద్దులు గుర్తొస్తాయి. బాపు పాలు పిండుతుంటే పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చునేది. ఆయన వేలితో నురుగు తీసి ఆమె ముక్కు మీద పెట్టేవాడు. ఆ బకెట్ ఇంకా కొట్టం మూలనే ఉంది. ఇప్పుడు దాని మీద ఎవరూ కూర్చోరు.

ఆ శుక్రవారం ఆమె బాపు బొమ్మ వేసి, చూపిద్దామని ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపు చూసినా కాల్ రాలేదు. బతిమాలినా అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున బాపు ఫోన్ చేశాడు. ముఖం వాడిపోయి ఉంది.

"సెలవియ్యలే బిడ్డ. శుక్రవారం గొర్లు మేత మానుకుంటయా అన్నడు సేటు. అందరు నవ్విండ్లు."

"నువ్వేం జేసినవ్ బాపు?"

"నేను గూడ నవ్విన. ఏం జేస్త?"

సృజన గతుక్కుమంది. అచ్చం తన మాటే. భూమయ్య కాక ఆ రోజు నవ్విన నవ్వు కళ్ల ముందు కదిలింది. బొమ్మ సంగతే మరిచిపోయింది. ఒక్కటి మాత్రం అడిగింది, సెలవు దొరికిన శుక్రవారాలకు జీతం కోస్తారా అని. కోయరని, అది మాట్లాడుకున్న జీతంలోదేనని బాపు చెప్పాడు.

ఫోన్ పెట్టేసి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లింది.

"రేపు కాకను ఇంటికి పోనియ్యి అమ్మా. జీతం కొయ్యకు. కాక పనికి నేనుంట."

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. పెండ, నీళ్లు, మేత అంటూ ఒక్కో వేలూ మడిచింది. సృజన వెనక్కి తగ్గలేదు. మంచం మీద కూర్చున్న బాపమ్మ అప్పుడు, గొంగడి ముచ్చటలో దాచిన సంగతి బయటపెట్టింది.

"మీ బాపు పుట్టిన పది దినాలకు గాని మీ తాతకు సెలవు దొరకలే బిడ్డ. గప్పటిదాక కొడుకు మొఖం సూడలే."

అమ్మ మడిచిన వేళ్లు విప్పేసింది.

ఆదివారం తెల్లవారుతుండగా భూమయ్య బస్సుకు బయలుదేరాడు. మొన్న ఈనిన బర్రె పాలతో చేసిన జున్ను బాపమ్మ అతని బిడ్డకని గిన్నెలో పెట్టిచ్చింది. ఇక నెలకు రెండు ఆదివారాలు ఇంటికి వెళ్లిరమ్మని, జీతం కోయనని అమ్మ చెప్పింది. అతను నమ్మలేనట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఈ నవ్వు వేరు.

సృజన ప్యాంటు పైకి మడిచి పెండ గంప అందుకుంది. ఆ గంప ఆమె కన్నా బరువు. సగం దారిలో దించింది, రొప్పింది, మళ్లీ ఎత్తింది. అమ్మ పాలకు కూర్చోగానే మూలనున్న బకెట్ తెచ్చి పక్కన బోర్లించి, దూడ తాడు పట్టుకుని కూర్చుంది. బర్రె మెడ తిప్పి భూమయ్య కోసం వెతికింది.

"ఇయ్యాల కాకకు సెలవు" అంది సృజన బర్రె డొక్క నిమురుతూ. "నీకు లేదు, నాకు లేదు. కదలకుంట పాలియ్యి."