కచ్చా కుట్టు

బ్యాగులో ముందు సబ్బులు పెట్టాడు. వాటిని తీసి చార్జరు పెట్టాడు. మళ్ళీ సబ్బులు పెట్టాడు. మేడమెట్ల మీద కూర్చుని సర్దుకుంటున్న ఆ అబ్బాయిని, కింద వసారాలో మిషను ముందు కూర్చున్న టైలరు కూతురు చూస్తూనే ఉంది.

"ఎక్స్‌రే గారూ, పద్నాలుగు రోజులకి ఏడు సబ్బులా? మీకా, హాస్పిటల్‌కా?"

"ఇద్దరికీ. మీరు అటు చూసి కుట్టండి చిన్నమాస్టారూ, వేలు కుట్టుకుంటారు."

అతను పై గదిలో అద్దెకుంటాడు. హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తాడు. లాక్‌డౌన్ మొదలై పదిహేను రోజులైంది. కరోనా వార్డులో పనిచేసేవాళ్ళు ఇక రెండు వారాలు అక్కడే ఉండాలని ఆర్డరు వచ్చింది. లేవలేని రోగుల వీపు కింద ప్లేటు పెట్టి ఫొటో తీయాలి కాబట్టి అతను వాళ్ళని పట్టుకోక తప్పదు. వేసుకోవడానికి మాత్రం ఒళ్ళంతా కప్పే సూట్లు లేవు. రెయిన్‌కోట్లు తెచ్చుకోమన్నారు.

అది విని, బజారంతా మాస్టారు అని పిలిచే ఆ టైలరు, బడిపిల్లల రెయిన్‌కోట్లకని కొన్న ప్లాస్టిక్ గుడ్డ తాను విప్పారు. కత్తిరింపు ఆయనది, కుట్టు కూతురిది. కొలతకి అబ్బాయి పైనుంచి ఒక చొక్కా విసిరాడు.

"ఇది మీదేనా? ఇందులో ఇద్దరు పడతారు!"

"అప్పుడు అమ్మ వంట తినేవాణ్ణి. ఇప్పుడు నా వంట తింటున్నా."

అందుకే ఆమె ముందు పొడుగు పొడుగు కుట్లతో కచ్చాగా కుట్టి, మెట్ల మీదకి విసిరి తొడుక్కోమంది. కింద నుంచే చూసి, భుజాలు తగ్గించి, గట్టి కుట్టు వేసి, కచ్చా దారం లాగేసింది. ఆ సూటే ఇప్పుడు బ్యాగులో అన్నిటికంటే పైన ఉంది.

వీధిలో వ్యాను హారన్ మోగింది.

"వచ్చాక మాస్టారితో ఒక మాట మాట్లాడాలి," అన్నాడు బ్యాగు భుజానికెత్తుకుంటూ.

"ఏ విషయం?"

"మీకు తెలిసిందే."

"నాకేం తెలీదు," అని గబగబా మిషను తొక్కింది. మిషన్లో గుడ్డ లేదు. అతను చూశాడు. నవ్వుకుంటూ వెళ్ళాడు.

సాయంత్రం అమ్మ కూరగాయలు సబ్బునీళ్ళలో కడగాలని, కురచైపోయిందని పక్కన పడేసిన సూటు చెయ్యి ఒకటి తొడుక్కుంది.

"ఇదేం రెయిన్‌కోటే, మోచేతి దాకా తడిసిపోయింది!"

కూతురు వెళ్ళి చూసింది. గట్టి కుట్టు పక్కనే ఒక్క వరసలో నీటిబొట్లు. కచ్చా దారం లాగేసిన చోట్లన్నీ కారుతున్నాయి. ఆ చెయ్యిని తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది.

మాస్టారు ఆ చెయ్యిని వెలుతురుకి పట్టి చూశారు.

"కచ్చా కుట్టు వేశావా?"

"భుజాలు సరిగ్గా కుదరాలని..."

"బట్టకైతే చిల్లి పూడుకుంటుంది. దీనికి పూడదు తల్లీ. నీకు తెలీదా?"

"తెలుసు నాన్నా. అలవాటులో చేసేశా."

"అలవాటా? నా చొక్కాకి ఎప్పుడైనా కచ్చా కుట్టు వేశావా?"

"...లేదు."

"ఊఁ," అన్నారు మాస్టారు.

ఆ ఊఁ అమ్మకి కూడా అర్థమైంది. "బాగుంది వరస! రోజూ రోగం మధ్య తిరిగేవాడే దొరికాడా?" అంది. తర్వాత మాత్రం తడి చెయ్యి తుడుచుకుని, "ముందు ఆ పిల్లాడికి ఫోన్ చెయ్యి," అంది.

ఆరోసారికి ఎత్తాడు.

"ఆ సూటు వేసుకోకండి!"

"ఇప్పుడే విప్పా. పదకొండు మందికి తీశా ఈరోజు. ఎంత బాగా కుదిరిందో! మా వాళ్ళంతా టైలరెవరని అడుగుతున్నారు."

"అది నిండా చిల్లులే. నావల్లే."

"ఎన్ని?"

"వెయ్యి ఉంటాయి."

"ఒక్కొక్కదానికీ ప్లాస్టరు వేస్తా. రెండు వారాలు పొద్దుపోతుంది," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఏడ్చింది. మాస్టారు ఫోన్ లాక్కుని, "రేపు పొద్దున కొత్తది తెస్తున్నా," అని పెట్టేశారు.

మర్నాడు తొమ్మిదింటికల్లా కచ్చా కుట్టు లేకుండా రెండో సూటు తయారైంది.

"నేను వెళ్తా నాన్నా. మీకు ఆయాసం."

"మాస్కులు కుట్టేవాళ్ళకిచ్చిన పాసు నా ఒక్కడికే ఉంది. నిన్ను మొదటి చౌరస్తాలోనే ఆపేస్తారు."

"గేటు దగ్గర ఇచ్చేసి వచ్చేయండి," అంది అమ్మ. "నలభై ఏళ్ళ నుంచి చెబుతూనే ఉన్నా, నా మాట మీరెప్పుడు విన్నారు గనక."

ఆయన ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్ళారు. గేటు కాపలావాడు బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు. ఒంటి మీద చూడకుండా ఏ బట్టా అప్పగించని మనిషి, అబ్బాయి బయటికొచ్చేదాకా జ్వరం పరీక్షల వరస పక్కన మూడు గంటలు నిలబడ్డారు. మధ్యాహ్నం అబ్బాయే ఆమెకి ఫోన్ చేశాడు.

"దూరంగా ఉండండి మాస్టారూ అంటే వింటారా! అక్కడే తొడిగించి, భుజం పట్టుకుని కుట్టు లాగి చూశారు. 'వచ్చాక ఏదో మాట్లాడతానన్నావటగా. నేను సరే అన్నాననుకో,' అన్నారు. చిన్నమాస్టారూ, వింటున్నారా?"

"వింటున్నా."

"మరి మీరేమంటారు?"

"ఆయన ఇల్లు చేరారో లేదో చూసి చెప్తా," అంది. గొంతులో మాత్రం నవ్వు దాగలేదు.

ఆయన ఇల్లు చేరారు. పెరట్లోనే స్నానం చేసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "మీ అమ్మ కూడా ఒప్పుకుంటుందిలే," అన్నారు.

ఆరో రోజున మాస్టారికి దగ్గు మొదలైంది. పదో రోజున అంబులెన్స్ ఇంటికొచ్చింది. అమ్మనీ కూతురినీ ఎక్కనివ్వలేదు.

ఆ సాయంత్రం ఫోన్లో అబ్బాయి గొంతు గుర్తుపట్టలేనట్టుంది. "నేనే తీశాను. వీపు కింద ప్లేటు నేనే పెట్టాను."

"ఏం కనిపించింది?"

"ఊపిరితిత్తులు రెండూ తెల్లగా నిండిపోయాయి."

"నాన్న ఏమన్నారు?"

"మాట్లాడలేకపోయారు. నా భుజం మీద కుట్టు తడిమి చూసుకున్నారు."

"నేను ఆ చిల్లులు పెట్టకపోతే ఆయన గేటు దాకా వచ్చేవారు కాదు."

"అలా అనకండి."

"అంటాను. మీరు తిరిగొచ్చాక కూడా అంటాను. ఉండగలరా?"

"ఉంటాను," అన్నాడు.

పక్కనుంచి వింటున్న అమ్మ ఫోన్ తీసుకుంది. "నువ్వు జాగ్రత్త బాబూ," అని, ఇంకేం తోచక, "వేళకి తిను," అంది.

డ్యూటీ, ఆ తర్వాత విడిగా గదిలో ఉండాల్సిన రోజులు ముగించుకుని అబ్బాయి మే నెల రెండో తారీఖున వచ్చాడు. మాస్టారు రాలేదు. ఏప్రిల్ ఇరవై మూడు, గురువారం, పొద్దున పదకొండు గంటలకు హాస్పిటల్లోనే పోయారు.