ఐదు ప్రాంతంలో

“ఇవాళ ఐదింటికి కెమిస్టును లేపేస్తారు. డెంటల్ క్లినిక్‌లో,” అన్నాడు డైరెక్టర్.

ఏజెంటు కాగితం అందుకున్నాడు. అడుగుల చప్పుడు వినిపించదని ఆఫీసులో అతన్ని పిల్లి అంటారు. కాగితం మీద ‘టైమ్: 17.00’ అని ఉంది.

“ఫోన్‌లో ముఠావాడు అలా అనలేదు,” అంది ట్రాన్స్‌లేటర్. విదేశీ ముఠా స్పానిష్‌లో ఫోన్ మాట్లాడుకుంటే విని రాసింది ఆవిడే. కెమిస్టు ఆవిడకు సొంత తమ్ముడు. “‘ఆ ఎసో దె లాస్ సింకో’ అన్నాడు. ఐదు ప్రాంతంలో అని. సరిగ్గా ఐదుకైతే ‘ఎన్ పుంతో’ అనేవాడు. ఐదుంపావైనా కావచ్చు. నేను అలాగే రాశాను. ఎవరో కొట్టేశారు.”

“నేనే కొట్టేయించాను. ఫారంలో నాలుగు అంకెలకే గళ్లున్నాయి. ప్రాంతం అని రాస్తే పైవాళ్లు సంతకం పెట్టరు. తమ్ముడి బెంగతో మీకు లేనివి వినిపిస్తున్నాయి.”

కారిడార్‌లో ఆవిడ పిల్లి చెయ్యి పట్టుకుంది.

“బాబూ, మా తమ్ముడు పన్ను కదిలితేనే ఇల్లెక్కి అరిచేవాడు. ఐదు దాటినా నువ్వు కదలకు.”

డైరెక్టర్‌కు ముఠా దొరకాలి. అందుకని కెమిస్టు అపాయింట్‌మెంట్ రద్దు చేయించలేదు. అతనికి సంగతీ చెప్పలేదు. ఎరకు ఎవరూ చెప్పరు.

నాలుగున్నరకు పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో నిచ్చెనెక్కి, సీలింగ్‌లో తల దూర్చాడు. కింద కుర్చీలో కెమిస్టు. బయట హాల్లో మఫ్టీలో ఇద్దరు.

ఐదైంది. ఎవరూ రాలేదు.

ఐదూ ఐదుకు ఇయర్‌పీస్ పలికింది. “వెల్వెట్ కబురు పంపింది. వాళ్లు ప్లాన్ మానుకున్నారట. అందరూ వచ్చేయండి.”

వెల్వెట్ అంటే ముఠాలో ఉన్న మన గూఢచారి. ఆమె నవ్వితే డైరెక్టర్ ప్రశ్నలు మరిచిపోతాడు.

మఫ్టీవాళ్లు వెళ్లిపోయారు. పిల్లి ఇయర్‌పీస్ తీసి జేబులో పడేశాడు.

ఐదుంపావు దాటింది. డాక్టర్ ఎక్స్‌రే కోసం పక్కగదికి వెళ్లాడు. తెల్లకోటు, మాస్కు, హైహీల్స్‌తో ఒకామె వచ్చింది. నిచ్చెన మీద మనిషిని పట్టించుకోలేదు.

“ఇంకో ఇంజెక్షన్. నోరు తెరవండి.”

“ఇందాకే వేశారుగా అమ్మా?”

“ఇదే ఆఖరు.”

కెమిస్టు కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచాడు. సూది చిగురుకు తాకబోయింది. పిల్లి నిచ్చెన మీంచి ఆమె మీదికి దూకాడు. సిరంజి నేలమీద పగిలింది. టైల్స్ పొగలు కక్కాయి.

మాస్కు జారింది. వెల్వెట్.

“నువ్వింకా ఇక్కడే ఉన్నావా? మీవాళ్లు వెళ్లిపోయారుగా!”

“నాకు పని మిగిలింది.” బేడీలు వేశాడు. “ఎప్పట్నుంచి అటు?”

“ఇటు ఎప్పుడున్నాను? మీవాళ్లతో కష్టమే లేదు. చెప్పిన టైమ్ దాటితే ఇంటికి పోతారు.”

కెమిస్టు వెక్కిళ్లు పెడుతున్నాడు. పిల్లి ఫోన్ తీశాడు.

“అక్కా, మీ తమ్ముడు క్షేమం.”

అవతల ఆవిడ ముక్కు చీదుకుంది.

“ఇంటికెప్పుడొస్తాడు?”

“స్టేట్‌మెంట్ ఇచ్చాక. ఏడు ప్రాంతంలో.”

“ప్రాంతం గీంతం నాకొద్దు బాబూ. టైమ్ చెప్పు.”