వేలిముద్రకు ముందు

"ఇరవై మంది ఆటగాళ్ళు. నాలుగింటికి కాంట్రాక్టు, ఆరింటికి విమానం. ఆపు," అన్నాడు చీఫ్.

ముంగిసకు ఒళ్ళు మండింది. గూఢచారి విభాగంలో అతనికి ఆ పేరే ఉంది. ఆ వీడియో గేమ్ టోర్నమెంట్ వెనక ఉన్నది పరాయి సైన్యమనీ, గెలిచినవాళ్ళను 'ప్రో టీమ్' పేరుతో తీసుకెళ్ళి డ్రోన్ పైలట్లను చేస్తుందనీ మూడు నెలలుగా ఫైలు మీద ఫైలు పంపుతున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"ఇప్పుడే అరెస్టు చేయొచ్చు కదా సార్?"

"ఆటలాడించడం నేరం కాదయ్యా. సాక్ష్యం కావాలి. అక్కడ యాంకర్‌గా ఉన్న 'నెమలి' మన ఏజెంటే. కోడ్ చెప్పు, ఇస్తుంది."

"ఇంకో సంగతి. ఆ ఇరవై మందిలో మొదటి స్థానం మా అక్క కూతురిది. 'చిచ్చరపిడుగు' అంటారు."

"మరీ మంచిది. మామయ్య మాట వింటుంది."

పుట్టి ఇరవై మూడేళ్ళయింది, ఒక్క మాటైనా గొడవ పడకుండా విన్న పాపాన పోలేదు.

మూడున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో స్టేడియంలోకి వెళ్ళాడు. చొక్కా గుండీలో పెట్టిన కెమెరా గేటు దగ్గరే చచ్చిపోయింది. స్టేజి పక్కన, ముత్యాల రంగు గౌనులో నెమలి మెరిసిపోతోంది.

"గ్యాస్ అయిపోయింది మేడమ్," అన్నాడు. అదే కోడ్.

నెమలి తియ్యగా నవ్వింది. "సెక్యూరిటీ, ఈయన్ని కదలనివ్వకండి."

ఇద్దరు బౌన్సర్లు అతని రెక్కలు పట్టుకున్నారు. నెమలి రెండు పెరళ్ళలోనూ గింజలేరుకుంటోందన్నమాట.

స్టేజి మీద ఇరవై మంది ముందు ఇరవై ట్యాబ్లెట్లు. వేలిముద్ర వేస్తే చాలు. వెనక పెద్ద తెర మీద వాళ్ళ శిక్షణ మిషన్ నమూనా నడుస్తోంది: నది, వంతెన, దాని మీద ఎర్ర గురి.

చిచ్చరపిడుగు అతన్ని చూసింది. "మామయ్యా, ఇక్కడికీ వచ్చావా?"

"వేలు పెట్టకు. వీళ్ళు పరాయి సైన్యం మనుషులు."

"ఎవరైతే నాకేంటి? నాలుగేళ్ళు నువ్వు చెప్పిన పరీక్షలన్నీ రాశాను. ఆటలెందుకని తిట్టారే గానీ, నా చేతుల్లో ఏముందో మీలో ఒక్కరు చూశారా? వీళ్ళు చూశారు."

అందులో అబద్ధం లేదు. నాలుగు కావడానికి ఇంకా పదిహేను సెకన్లని తెర మీద గడియారం చూపిస్తోంది.

"చూడలేదు. తప్పు మాదే," అన్నాడు. "మ్యాపు చదవడంలో నిన్ను మించినవాళ్ళు లేరంటారు. ఆ తెర మీది మ్యాపు ఒక్కసారి చదువు."

ఆమె విసుగ్గా కంట్రోలర్ అందుకుని జూమ్ చేసింది. నది మలుపు. నీళ్ళ ట్యాంకు. వంతెన మొదట్లో రేకుల షెడ్డు. పేర్లు మార్చారు గానీ నేలను మార్చలేదు.

"ఇది అమ్మ బస్సెక్కే స్టాపు," అంది మెల్లగా.

నాలుగు సెకన్లు.

"ఎవరూ వేలు పెట్టకండి," అంది మైకులో. "మన ఊరి మీద బాంబులెయ్యడం మనకే నేర్పుతున్నారు."

ఇరవై చేతులూ వెనక్కి వెళ్ళాయి. రెండు లక్షల మంది లైవ్‌లో చూశారు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తిన నెమలి వెనక గుమ్మం దగ్గర దొరికింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "భేష్. ఐడియా మాత్రం బాగుందయ్యా. వచ్చే నెల మన సైన్యం కోసం మనమే ఒక టోర్నమెంట్ పెడదాం. మీ మేనకోడల్ని రమ్మను."

ముంగిస తల పట్టుకుని ఆ కబురు చెప్పాడు. ఆమె కంట్రోలర్ పక్కన పెట్టింది.

"మీ టోర్నమెంట్ మ్యాపులో ఎవరి అమ్మ బస్సెక్కుతుందో ముందు కనుక్కో మామయ్యా. అప్పుడు చెప్తాను."