కొత్త గ్యాలరీలో పాత మ్యాప్

మ్యూజియం మెట్ల కింద కీపర్ అమేత్సో శవం దొరికింది. కాలు జారి పడ్డాడన్నారు పోలీసులు.

"జారలేదు. తోశారు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, అక్రా ఆఫీసులో ఫైలు ముందుకు నెడుతూ. "జర్మన్ల కాలంనాటి సర్వే మ్యాప్ ఆయన కాపలాలో ఉండేది. బ్వేలా కొండ రెండు ఊళ్ల ఉమ్మడి ఆస్తని చెప్పే కాగితం అదొక్కటే. దాని స్థానంలో నకిలీది పెట్టాలని హార్ట్‌విక్ ముఠా ప్లాను. అందులో కొండంతా వాళ్లు కొన్న తోటలో కలిసిపోతుంది. శనివారం పదకొండింటికి కొత్త గ్యాలరీ ప్రారంభం. మంత్రి తెర తీశాడంటే ఇక నకిలీదే అసలు."

"లోపల మనవాళ్లెవరు సార్?" అడిగింది ఏజెంట్ నూన్యా.

"ఫఫాలి. గ్యాలరీ డిజైనర్. కోడ్, 'అక్‌ప్లే ముద్ద చల్లారిందా?'"

నూన్యా తలూపింది. చిన్నప్పుడు తనకు మ్యాప్ చదవడం నేర్పింది అమేత్సోనే. ఆ మాట మాత్రం చీఫ్‌కు చెప్పలేదు.

శనివారం ఉదయం నూన్యా పనిమనిషి వేషంలో చీపురు పట్టుకుని గ్యాలరీ ఊడుస్తోంది. ఎత్తుమడమల చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చింది ఫఫాలి. చూపు తిప్పుకోలేని అందం.

"అక్‌ప్లే ముద్ద చల్లారిందా?" అడిగింది నూన్యా.

"పొగలు కక్కుతోంది. కంగారుపడకక్కా, మ్యాప్ భద్రంగా ఉంది."

ఆమె వెళ్లగానే నూన్యా పెన్ను లోపలి అల్ట్రావయొలెట్ లైటు గాజుపెట్టె మీద వేసింది. కాగితం నీలంగా మెరిసింది. వందేళ్ల నాటి కాగితం అలా మెరవదు.

కిటికీలోంచి చూస్తే, ప్లాన్ల గొట్టం చంకలో పెట్టుకుని ఫఫాలి హార్ట్‌విక్ కారు వైపు నడుస్తోంది. ఇంజను ఆన్‌లో ఉంది. టోగో సరిహద్దు ఇరవై నిమిషాలు.

నూన్యా వరండాలోకి పరుగెత్తింది. ప్రారంభానికొచ్చిన రెండు ఊళ్ల పెద్దలూ అక్కడే కూర్చుని ఉన్నారు.

"అయ్యా! గ్యాలరీల ప్లాన్లు మీకు చూపించకుండానే పట్టుకుపోతోందీవిడ!"

"ఏమ్మాయ్! మా డోళ్లు ఏ గదిలో పెడుతున్నారు?" గద్దించాడు ఒక పెద్ద.

"మా మగ్గాలకు అసలు గదుందా?" లేచాడు రెండో ఆయన.

"తర్వాత చూపిస్తాను తాతా..."

"ఎప్పుడు? నేను పోయాకా? విప్పు!"

డోళ్ల గది. మగ్గాల గది. పిల్లల గది. నాలుగో షీటు పసుపు పచ్చగా, అంచులు చిరిగి ఉంది.

హార్ట్‌విక్ కారు ముందుకు దూకింది. గేటు దగ్గర చీఫ్ మనుషులు ఆపేశారు.

"పెద్దాయన్ని చంపుతారనుకోలేదక్కా," అంది ఫఫాలి. "తాళాలు ఎక్కడుంటాయో చెప్పానంతే."

"వాళ్లకి అది చాలింది." నూన్యా బేడీలు వేసింది.

పదీ యాభై తొమ్మిదికి అసలు మ్యాప్ పెట్టెలోకి చేరింది. మంత్రి తెర తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూన్యాకు చేతులు లేవలేదు.

ఆమె ఎవరో తెలియని మ్యూజియం డైరెక్టరు సోమవారం ఫిర్యాదు రాశాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె మీద అదే మొదటిది: ఊడవడం సరిగా రాదట.