కమ్మరి తాతకి ఏదీ గుర్తుండదు

గేట్ల మేస్త్రికి పొద్దున్నే కళ్ళు తెరవగానే మొదట గుర్తొచ్చే మనిషి వాళ్ళన్న నిచ్చెన. ప్రేమతో కాదు.

నిచ్చెన అసలు పేరు కాదు. మనిషి ఆరడుగుల పైన పొడుగు, చేసేది పెయింటింగ్ పని, ఎప్పుడు చూసినా గోడకి ఆనుకుని పైన వేలాడుతుంటాడని వీధంతా అలా పిలుస్తుంది. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ ఒకే షెడ్డు. తమ్ముడు గేటుకి వెల్డింగ్ పెడితే అన్న రంగు వేసేవాడు. తండ్రి పోయాక పంపకాల్లో రోడ్డు వైపు ముక్క అన్నకి పోయింది, మధ్యలో గోడ లేచింది. ఇప్పుడు గేటు కావాల్సినవాళ్ళు పక్క సందులో పడి, మేస్త్రి షెడ్డు ఎక్కడుందో నలుగుర్ని అడిగి రావాలి. అంత దూరం ఎవరొస్తారు? రోడ్డు మీదే ఇంకో రెండు షాపులుంటే!

ఆ రోజు కూడా మేస్త్రి పెరట్లో టీ గ్లాసు పట్టుకుని, గోడ వైపు చూసి రోజూ అనే మాటే అన్నాడు.

"ఇచ్చినవాడు సందులో పడ్డాడు, తీసుకున్నవాడు రోడ్డెక్కాడు."

"టీ చల్లారిపోతోంది," అంది వాళ్ళావిడ. ఆవిడ కూడా రోజూ అనే మాటే అంది.

మేడ మీది గదిలోంచి కూతురు దిగి వచ్చింది. ఏడ్చిన మొహమే కానీ ఏడుపు ఆపుకున్న మొహం. ఆ గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి ఒక కంప్యూటర్ గేమ్ చేసిందా పిల్ల. కత్తులు, మంత్రాలు, రెక్కల పాములు, ఒక ఊరు. ఆడేవాళ్ళు ఆ ఊళ్ళోకి ఒక వీరుడిలా అడుగుపెట్టి, నచ్చిన దారిలో పోయి, నచ్చినట్టు బతకొచ్చు. పోయిన నెలే అందరికీ అందుబాటులో పెట్టింది. బయటి గొంతులకి డబ్బుల్లేక ఇంట్లోవాళ్ళనే వాడుకుంది. పూటకూళ్ళామెకి అమ్మ గొంతు. ఊరి మొదట్లో కత్తులు చేసే కమ్మరి తాతకి నాన్న గొంతు.

"నాన్నా, నీతో మాట్లాడాలి."

"ముందు నా మాట విను. గదికి మనిషి దొరికాడు. ఒకటో తారీఖున దిగుతానన్నాడు. నువ్వా డబ్బాలన్నీ సర్దెయ్. ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు కదా, అందులో చేరిపో."

"నేనా గది ఖాళీ చెయ్యను."

"చెయ్యక? నీ గేమ్‌ని ఎవడూ ఆడట్లేదని నువ్వే చెప్పావు."

"ఆడట్లేదని కాదు, సగంలో వదిలేస్తున్నారన్నాను. నెలాఖరులోగా బాగుచేసి పెట్టకపోతే అమ్మిపెట్టే కంపెనీవాళ్ళు తీసేస్తారు. బాగుచేస్తాను."

"ఏం బాగుచేస్తావు? ఇంకో నాలుగు కత్తులు పెడతావా?"

"కత్తులు సరిపడా ఉన్నాయి. కొండలు బాగున్నాయన్నారు, పాము బాగుందన్నారు, పాట బాగుందన్నారు. వాళ్ళకి నచ్చనిది ఒకటే." ఫోన్ తీసి చదివింది. "'కమ్మరి తాత కూతుర్ని గుహలోంచి భుజాన మోసుకొచ్చాను. మూడుసార్లు చచ్చి బతికాను. తీసుకొచ్చి ఆ పిల్లని వాళ్ళ గుమ్మంలో దింపితే, ఆ తాత నా మొహం చూసి, నీలాంటోళ్ళని చాలామందిని చూశాను, డబ్బుంటే కత్తి తీసుకో, లేకపోతే దారి విడు అన్నాడు. మొదటిరోజు అన్న మాటే! నేను చేసింది ఎవరికీ గుర్తులేని ఊళ్ళో నేనెందుకు ఉండాలి?'"

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "అందులో తప్పేముంది? షాపువాడు కత్తి కొనమనక కాళ్ళు మొక్కుతాడా?"

"నాకూ తప్పనిపించలేదు," అంది అమ్మ, కూరగాయలు తరుగుతూ.

"అదే అమ్మా! నువ్వూ నేనూ ఎన్నిసార్లు ఆడి చూశాం? ఒక్కసారైనా ఇదేంటి ఈయనకి కృతజ్ఞత లేదేంటి అనిపించిందా? పైగా నువ్వు నవ్వావు, అచ్చం మీ నాన్నలాగే ఉన్నాడే అని. నేనూ అదే అనుకున్నాను. ఎంత సహజంగా వచ్చిందో అని మురిసిపోయాను." కూతురు ఆగలేదు. "ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇది తప్పు నాన్నా. మనింట్లో మాత్రం మామూలు."

"ఏంటే నువ్వనేది?"

"పోయిన ఏడు వెల్డింగ్ మెరుపు కళ్ళకి కొట్టి రెండు కళ్ళూ మూసుకుపోయాయి నీకు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించుకెళ్ళింది ఎవరు?"

మేస్త్రి గోడ వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు.

"పెద్దనాన్న. కట్టు విప్పేదాకా నీ పక్కన కూర్చున్నదీ ఆయనే. నువ్వు ఒప్పుకున్న గేటుని ఇంకో మనిషిని పెట్టి బిగింపించి, రంగేసి, అప్పగించిందీ ఆయనే. కట్టు విప్పిన మర్నాడు పొద్దున, అదిగో అక్కడే నిలబడి, నువ్వన్న మొదటి మాటేంటో చెప్పనా?"

"చాలు."

"ఇచ్చినవాడు సందులో పడ్డాడు, తీసుకున్నవాడు..."

"చాలన్నానా!"

గ్లాసు తన్నుకుంటూ షెడ్డులోకి పోయాడు. గ్రైండర్ ఆన్ చేశాడు. అది మధ్యాహ్నం దాకా ఆగలేదు. కొయ్యాల్సిన ఇనుమెంతో, కోసిందెంతో ఆయనకే తెలియాలి.

భోజనం అయ్యాక మేడ మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించి కూతురు వెనక్కి తిరిగింది. గుమ్మంలో మేస్త్రి. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు, పెళ్ళికి వెళ్ళేవాడిలా.

"ఎలా ఆడతారు దీన్ని?"

"నీకెందుకు నాన్నా?"

"నా గొంతు పెట్టి నన్ను తిట్టిస్తున్నావు. వాడేం తప్పు చేశాడో నేను చూసుకోవద్దా?"

బటన్లు ఏది దేనికో చూపించింది. ఇనుము వంచే వేళ్ళకి ఆ చిన్న బటన్లు లొంగలేదు. వీరుడు పోయి చెట్టుకి గుద్దుకున్నాడు. బావిలో పడ్డాడు. మొదటి తోడేలే తినేసింది.

"దీనికి బుద్ధి లేదా, చూసుకుని నడవొద్దూ?"

"అది నువ్వే నాన్నా."

లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. మర్నాడు వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వాళ్ళావిడ టీ మేడ మీదికే తెచ్చిచ్చి, "షెడ్డు తాళం వేసి తోడేళ్ళతో కుస్తీ పడుతున్నారు మా ఆయన," అని కిందికి పోయి పక్కింటావిడతో చెప్పుకుంది. మొండివాడు కాబట్టి తోడేళ్ళు దాటాడు. వాగు దాటాడు. గుహలో దీపం ఆరిపోతే గోడ తడుముకుంటూ నడిచాడు. అట్టడుగున కమ్మరి తాత కూతురు దొరికింది. కళ్ళకి గుడ్డ కట్టి ఉంది ఆ పిల్లకి. చెయ్యి పట్టుకుని లేపి, భుజాన వేసుకుని బయల్దేరాడు.

దారి పొడుగునా మేస్త్రి ఊపిరి బిగబట్టే ఉన్నాడు. ఊరొచ్చింది. కొలిమి మంట కనపడింది. పిల్లని గుమ్మంలో దింపి, తాత ఎదురుగా నిలబడి బటన్ నొక్కాడు.

"నీలాంటోళ్ళని చాలామందిని చూశాను. డబ్బుంటే కత్తి తీసుకో, లేకపోతే దారి విడు."

తన గొంతే. తన విసుగే.

మేస్త్రి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మాట. కాస్త పక్కకి జరిగి, పిల్ల తాతకి కనపడలేదేమో అన్నట్టు దారిచ్చి, మళ్ళీ నొక్కాడు. అదే మాట.

"ఏరా, నీ కూతురురా!" అన్నాడు తెర వైపు వంగి. "చీకట్లో చెయ్యి పట్టుకుని తెచ్చానురా! ఒక్క మాట... వీడెవడే, ఇంత మొండివెధవ!"

"ఆ ప్రశ్న నేను పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతున్నా," అంది వాళ్ళావిడ గుమ్మంలోంచి, ఖాళీ గ్లాసు కోసం వచ్చి.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి కుర్చీలోంచి కదల్లేదు. తెర మీద తాత సుత్తి ఎత్తి దించుతూనే ఉన్నాడు, ఎదురుగా వీరుడు నిలబడే ఉన్నాడు. మేస్త్రి కూతురి వైపు తిరిగాడు.

"వీడి చేత ఇంకో మాట అనిపించాలంటే ఏం చెయ్యాలి?"

"నువ్వు అనాలి," అంది కూతురు. "ఒక మాట కాదు. వచ్చినవాడు దొంగతనం చేసొస్తే ఒకలా, ప్రాణం పోసొస్తే ఒకలా, ఏమీ చెయ్యకుండా వచ్చి కబుర్లు చెప్తే ఇంకోలా. ఎవరేం చేశారో తాతకి గుర్తుండేలా నేను లోపల కడతాను. గుర్తున్నట్టు నువ్వు పలకాలి. వందల మాటలుంటాయి నాన్నా. నెలాఖరు దగ్గరకొచ్చేసింది."

"గదికి వస్తానన్నవాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు," అన్నాడు మేస్త్రి వాళ్ళావిడతో. "మైకు ఎక్కడ పెట్టావే?"

ఆ రోజు నుంచి పొద్దున షెడ్డు, మధ్యాహ్నం మైకు. మేస్త్రి పలికాడు. దొంగని తిట్టమంటే ఒక్క ముక్కలో తిట్టేశాడు, రెండోసారి అక్కర్లేకపోయింది. కబుర్లరాయుడిని తరిమెయ్యమంటే రాసిచ్చిన దానికి సొంతంగా నాలుగు కలిపాడు. పూటకూళ్ళామె కూడా తన గొంతు సవరించుకుని వచ్చి చేరింది. అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. పిల్లని తెచ్చినవాడితో తాత అనాల్సిన మాట.

"నువ్వు చేసింది నాకు గుర్తుంది," అన్నాడు మేస్త్రి మైకులో.

"గేటు అడుగుకి ఎంతో రేటు చెప్తున్నట్టుంది నాన్నా."

"నువ్వు చేసింది... నాకు గుర్తుంది."

"ఇప్పుడు బాకీ అడుగుతున్నట్టుంది."

"ఇంతకన్నా నాకు రాదు! ఉన్నది పెట్టెయ్."

"పెట్టను." పిల్ల గొంతు పెంచలేదు. "అందరూ నన్ను వదిలేసింది ఆ ఒక్క మాట దగ్గరే. అది అబద్ధంలా ఉంటే మిగతా వందా దండగ. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం. వచ్చేదాకా చేద్దాం."

మేస్త్రి కూతుర్ని ఎగాదిగా చూశాడు. ఈ మొండితనం ఎక్కడ నుంచి వచ్చిందో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. మైకు పక్కన పెట్టి, మెట్లు దిగి, సందులోంచి రోడ్డెక్కాడు. గోడ లేచాక ఆ వైపు నుంచి అన్న షెడ్డు గుమ్మం తొక్కడం అదే మొదలు.

నిచ్చెన నిజంగానే నిచ్చెన మీద ఉన్నాడు, బోర్డుకి రంగు వేస్తూ. కింద తమ్ముడిని చూసి బ్రష్ గాల్లోనే ఆపేశాడు.

"ఏంట్రా? మరదలికి బాగాలేదా?"

"బాగానే ఉంది."

"పిల్లకా?"

"అందరూ బాగున్నారు. నువ్వు కిందికి దిగు."

"కొట్టడానికైతే చెప్పు, ఇక్కడే ఉంటాను."

"అన్నయ్యా," అన్నాడు మేస్త్రి. ఆ పిలుపుకి పైనున్న మనిషి తనకి తెలియకుండానే ఒక మెట్టు దిగాడు. "కళ్ళు పోయాయనుకున్నప్పుడు... ఆసుపత్రి మెట్ల దగ్గర నువ్వు, ఇక్కడ మెట్టుంది, ఇక్కడ ఇంకోటుంది అని ఒక్కోటీ చెప్పావు. అక్కడ అంతమంది ఉన్నారు, నీకు సిగ్గు కూడా వెయ్యలేదు. నువ్వు చేసింది నాకు గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది. అనలేదంతే."

 నిచ్చెన చెయ్యెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. బ్రష్ ఉన్న చెయ్యి అని మర్చిపోయాడు. బుగ్గ మీద ఎర్రగా రెడాక్సైడ్ రంగు చార పడింది.

"వెధవా," అన్నాడు, "ఇంత రంగు పాడుచేశావు."

సాయంత్రం ఇద్దరూ కలిసి మేడ మెట్లెక్కారు. మేస్త్రి మైకు ముందు కూర్చుని, పక్కన నిలబడ్డ అన్న వైపు చూస్తూ ఆ మాట ఒక్కసారి అన్నాడు. కూతురు రెండోసారి అడగలేదు. చెవులకి పెట్టుకున్నవి తీసి, మొహం అటు తిప్పుకుంది.

నెలాఖరుకి బాగుచేసిన గేమ్ కంపెనీకి వెళ్ళింది. జనం విరగబడిపోలేదు కానీ వదిలేసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే తిరిగొచ్చారు. అప్పుడు తిట్టినవాడే రాశాడు. "కమ్మరి తాత నన్ను గుర్తుపట్టాడు. రెక్కల పాముని చంపినప్పుడు కూడా ఇంత ఆనందం లేదు. మళ్ళీ మొదటి నుంచి ఆడతాను." కూతురు అది చదివి వినిపిస్తుంటే వాళ్ళమ్మ కళ్ళొత్తుకుంటూ రెండోసారి చదవమంది. గేమ్ నిలబడింది. గది నిలబడింది.

మర్నాడు పొద్దున పెరట్లో మేస్త్రి టీ వేడిగా ఉండగానే తాగేసి, మేడ మీదికి వెళ్ళాడు. తెర మీద కొలిమి ముందు జాగా చూపిస్తూ అడిగాడు.

"తాత షెడ్డుకి రోడ్డు వైపు ఇంత ముఖం ఎక్కడిది?"

కూతురు తల దించుకుంది. "మన షెడ్డు చూసే కట్టాను నాన్నా. పంపకాల్లో పోయిన ముక్క కూడా కలిపేశాను. ఇక్కడైనా నీదై ఉండాలని."

 కింద గోడకవతల అన్న నిచ్చెన జరిపిన చప్పుడైంది.

"అది తాతది కాదు, వాళ్ళన్నది," అన్నాడు మేస్త్రి. "అక్కడ రంగుల షాపు కట్టు. మధ్యలో గోడ మాత్రం పెట్టకు. ఆ ముక్క కొలత నాకు నోటికొచ్చు. వెడల్పు పదకొండు అడుగులు, లోపలికి ఇరవై ఆరు."